అప్‌డేట్: హన్మకొండ ఇంటికి కెమెరాలు పెట్టినం

పోయిన నెల అడిగిన కదా, హన్మకొండల అమ్మ ఒక్కతే ఉంటది, దొంగల భయానికి కెమెరా పెట్టాల్నా అని. గేటు కాడ ఒకటి, డాబా మీద ఒకటి పెట్టినం. దొంగలైతే రాలే, కోతులొచ్చినయ్!

అమ్మ డాబా మీద పల్లీలు ఎండబోసింది. ఫోన్ల అలర్ట్ రాంగనే చూస్తే, ఒక పెద్ద కోతి పిట్టగోడ మీద కూసొని కెమెరా దిక్కే చూస్తున్నది. హైదరాబాద్‌ నుంచే కెమెరా స్పీకర్ల "హుష్" అని అరిచిన. కోతి కదల్లే గానీ, కింద అమ్మ ఉలిక్కిపడి "ఎవల్రా అది?" అన్నది.

గేటు కెమెరాతోనే పని ఎక్కువ. గ్యాస్ బండ వచ్చిందా, అమ్మ గుడి నుంచి వాపసొచ్చిందా, అన్నీ తెలుస్తున్నయ్.

అర్ధరాత్రి ఊకె అలర్ట్‌లు వస్తుండె, కారణం ఇక్కడ మీరు చెప్పిందే, కెమెరా కాడి సాలెగూడు. చీకట్ల కెమెరా వేసే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనబడని) లైటుకు దగ్గరున్న సాలీడు తెల్లగ మెరుస్తది, కదిలినప్పుడల్లా అలర్టే. చీపురుతోని దులిపితే బందైనయ్. కరెంటు పోతే రౌటర్ బందయ్యేది, ఇన్వర్టర్‌కు కలిపినం. కెమెరాల 64 జీబీ మెమరీ కార్డు నిండితే పాత వీడియోలు అవే చెరిగిపోతయ్.

ఇంట్ల కెమెరా పెట్టుడుకు మాత్రం అమ్మ ఒప్పుకోలే: "నేను తినుడు, పండుడు నువ్వు సూసుడేంది బిడ్డా?" ఎదురింటోళ్ల తలుపు పడకుండ గేటు కెమెరా కూడా జర తిప్పినం. ఇప్పుడు అమ్మ బయటికి పోయేటప్పుడు దానిదిక్కు చూసి చెయ్యూపి పోతది.