కాళ్ళు విరగ్గొట్టి మరీ నీటిగుర్రాన్ని సమాధిలో ఎందుకు పెట్టారు?

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 'విలియం' అని ముద్దుగా పిలిచే నీలం నీటిగుర్రం బొమ్మ గురించి అడుగుతున్నాను. ఈజిప్టులో మీర్ దగ్గర సెన్బి అనే ఆయన సమాధిలో దొరికింది. 12వ రాజవంశం నాటిది (దాదాపు నాలుగు వేల ఏళ్ళ కిందటిది), పొడవు సుమారు 20 సెం.మీ. ఒంటినిండా కలువ పూలు, మొగ్గలు గీసి ఉంటాయి. మూడు కాళ్ళు ఈ కాలంలో చేసి అతికించినవి. అసలువి, చనిపోయినాయన మీదకి రాకుండా కావాలనే విరగ్గొట్టారట!

మా అమ్మాయి ఆరో తరగతి ప్రాజెక్టుకి మట్టితో ఇదే చేశాం, శుక్రవారం ఇవ్వాలి. బొమ్మ కింద రాయాల్సిన ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాం. మ్యూజియం పేజీ చదివాను, వీడియోలు చూశాను. ఈజిప్టులోని ఎడ్ఫు గుడి గోడల మీద హోరస్ దేవుడు ఈటెతో పొడిచేది నీటిగుర్రం రూపంలో ఉన్న తన శత్రువు, సెత్ అనే దేవుణ్ణే. గర్భిణులను కాపాడే తావెరెత్ దేవతదీ నీటిగుర్రం రూపమే. మగది చెడు, ఆడది మంచి అని సర్దేద్దామనుకున్నా, ఈ బొమ్మ మగదో ఆడదో నాకు తేలలేదు. కలువ మళ్ళీ పుట్టుకకు గుర్తని మాత్రం అర్థమైంది.

అంత భయపడి కాళ్ళు విరగ్గొట్టిన జంతువు వల్ల చనిపోయినాయనకు ఏం మేలు జరుగుతుందని పక్కన పెట్టారు?