చిన్న కాలేజీలో విద్యార్థులతో కలిసి మానవీయశాస్త్ర పరిశోధన: పాత ఉత్తరాలతో మొదలుపెట్టవచ్చా?

చరిత్ర_లెక్చరర్:
మాది చిన్న డిగ్రీ కాలేజీ. చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం కలిపి నలుగురమే అధ్యాపకులం, లైబ్రరీకి జర్నల్ చందాలు లేవు. ముగ్గురు విద్యార్థులతో ఒక సెమిస్టరులో పూర్తయ్యే పరిశోధన చేయించాలనుంది. అదే పని నా వ్యాసానికీ పనికిరావాలి. ఒక దాత ఇచ్చిన పాత ఉత్తరాల కట్ట లైబ్రరీలో ఉంది, సుమారు అరవై ఉంటాయి. దీంతో మొదలుపెట్టవచ్చా? వ్యాసంలో పిల్లల పేర్లు ఎలా పెట్టాలి?

పాతకాగితం:
నిక్షేపంగా మొదలుపెట్టండి. వంద పుస్తకాలు చదివితే తప్ప నోరు విప్పలేని అంశం తీసుకుంటే, పిల్లలకు సెమిస్టరంతా ఇతరుల వ్యాసాలు క్రోడీకరించడంతోనే సరిపోతుంది. ఎవరూ చదవని ఉత్తరాలైతే కొన్ని వారాలకే మీకు తెలియనిది వాళ్లు మీకు చెబుతారు.

కట్ట విప్పేముందు ఉన్న వరుసను ఫొటో తీసి, ప్రతి ఉత్తరానికీ సంఖ్య ఇవ్వండి. తేదీ లేని ఉత్తరం ఏ కాలానిదో చాలాసార్లు పక్కనున్న ఉత్తరమే చెబుతుంది. తేదీలవారీగా సర్దేస్తే ఆ ఆధారం పోతుంది. స్కాన్ 400 డీపీఐ (అంగుళానికి చుక్కలు) స్పష్టతతో చేసి, మూలప్రతి నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా, రోజువారీ వాడుకకు చిన్న జేపెగ్ ఫైలుగా దాచండి. ఫైలు పేరులో కట్ట, ఉత్తరం, పుట సంఖ్యలు మాత్రమే ఉండాలి. కవర్లనూ వదలొద్దు, తపాలా ముద్రలో ఊరు, తేదీ దొరుకుతాయి.

అసలు చిక్కు ఉత్తరాల్లో ఉన్నదాన్ని చూసి ఎత్తి రాయడంలో వస్తుంది. విద్యార్థులు తెలియకుండానే అక్షరదోషాలు దిద్దేస్తారు. రాసినవారి చదువు, యాస, తొందర అన్నీ ఆ దోషాల్లోనే ఉంటాయి కాబట్టి అది పెద్ద నష్టం. నియమాలు ఒక్క పుటలో ముందే రాసివ్వండి: ఉన్నది ఉన్నట్టు రాయాలి, చదవలేని మాటకు చదరపు బ్రాకెట్లో చుక్కలు పెట్టాలి, అనుమానంగా చదివినదాని పక్కన ప్రశ్నార్థకం, కొట్టివేతను కొట్టివేతగానే చూపాలి. మొదటి ఐదు ఉత్తరాలు ముగ్గురూ విడివిడిగా రాసి పోల్చుకోవాలి. తేడాలు ఎక్కువగా వచ్చేది మనుషుల పేర్లలో, అంకెల్లో. వాక్యం చూసి ఊహించే వీలు అక్కడ ఉండదు. తర్వాత పని పంచుకున్నా, పదింటికి ఒకటి చొప్పున మరొకరు మూలంతో సరిచూడాలి.

కొత్త దస్తూరీ అలవాటయ్యేదాకా ఒక్కో పుటకు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. పదిహేను వారాల సెమిస్టరైతే ఎత్తిరాత ఏడో వారంలో ఆపేయండి, మిగిలిన ఉత్తరాలు వచ్చే బ్యాచ్‌కు ఉంటాయి. ఇక్కడ మొహమాటపడితే వ్యాసం రాయడానికి సమయం మిగలదు.

లైబ్రరీ_డెస్క్:
పై మాటలకు ఒక్కటి కలపాలి. స్కాన్ చేయకముందే దాత ఇచ్చిన అంగీకారపత్రం తీసి చూడండి. కాగితం లైబ్రరీదైనా, రాతపై కాపీరైటు మామూలుగా రాసినవారిదో వారి వారసులదో. నాలుగు వాక్యాలు ఉటంకించడం వేరు, ఉత్తరం బొమ్మ మొత్తం అచ్చువేయడం వేరు. రెండోదానికి విడిగా అనుమతి అడగాలి. బతికున్నవారి జబ్బులు, అప్పుల ప్రస్తావనలుంటే ఆ పేర్లు ప్రచురణలో మార్చాలి.

జర్నల్ చందా లేకపోయినా పని ఆగదు. జర్నల్ వ్యాసాల ఆన్‌లైన్ భాండాగారం జేస్టోర్‌లో ఉచిత వ్యక్తిగత ఖాతాతో 30 రోజులకు 100 వ్యాసాలు ఆన్‌లైన్‌లో చదవచ్చు. అక్కడ లేనిదానికి రచయిత పనిచేసే విశ్వవిద్యాలయపు రిపాజిటరీ (తమవారి రచనలు ఉంచే వెబ్‌సైటు) చూడండి, తుదిప్రతికి ముందు రూపం తరచూ అక్కడ ఉంటుంది. గ్రంథసూచి తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ జోటెరోలో గ్రూపు లైబ్రరీ తెరిస్తే మీరూ ముగ్గురు విద్యార్థులూ ఒకే గ్రంథసూచి వాడుకోవచ్చు. ఉచిత నిల్వ 300 ఎంబీయే, గ్రూపు ఫైళ్లు కూడా గ్రూపు యజమాని కోటాలోకే వస్తాయి. అందుకని వివరాలు అందులో, స్కాన్లు వేరే డ్రైవులో పెట్టండి.

చరిత్ర_లెక్చరర్:
ఇద్దరికీ ధన్యవాదాలండి. ముగ్గురిలో ఒకరు ఎత్తిరాత మాత్రమే చేస్తానంటున్నారు. ఆ పేరు సహరచయితగా పెట్టవచ్చా?

సమీక్షకురాలు:
పెట్టకూడదండి. వాదన కట్టడంలోనో, వ్యాసం రాయడంలోనో చేయి ఉన్నవారే సహరచయితలు. ఎత్తి రాసినవారికి కృతజ్ఞతల్లో పేరు, ఏ ఉత్తరాలు చదివారో స్పష్టంగా ఇవ్వండి. ఆ ఎత్తిరాతలను విడిగా ప్రచురిస్తే దానికి మాత్రం ఆ విద్యార్థే కర్త. ఎవరేం చేశారో రాయడానికి క్రెడిట్ (CRediT) అనే, పరిశోధనలో ఎవరి పని ఏమిటో చెప్పే పట్టికలోని 14 పాత్రలు పనికొస్తాయి, కానీ అది ప్రధానంగా విజ్ఞానశాస్త్రాల కోసం పుట్టింది. మనకు అందులో నాలుగైదు చాలు. ఈ ఒప్పందం మొదటి వారంలోనే కాగితం మీద పెట్టండి, వ్యాసం పూర్తయ్యాక మాట్లాడితే మీ హోదా ముందు విద్యార్థి నోరెత్తలేరు.

ఒకే వ్యాసంలో అందరినీ ఇరికించకండి. మీ ప్రశ్న పెద్దదిగా ఉండనివ్వండి, వాళ్లది చిన్నదిగా. ఉదాహరణకు మీరు ఆ కుటుంబం వలసను రాస్తే, విద్యార్థి ఆ ఉత్తరాల్లో డబ్బు అడిగే తీరును మాత్రమే చూడవచ్చు: ఏ పలకరింపు తర్వాత అడుగుతున్నారు, అడిగినవారికే మళ్లీ ఎన్నాళ్లకు రాస్తున్నారు. పన్నెండు ఉత్తరాలతోనే అది నిలబడుతుంది. పంపేముందు పత్రిక డీఓఏజేలో (అందరికీ ఉచితంగా చదవనిచ్చే పత్రికల ఆన్‌లైన్ జాబితా) ఉందో లేదో, సంపాదకవర్గం నిజంగా ఉందో లేదో చూడండి. రెండు రోజుల్లో అంగీకారం తెలిపి రుసుము అడిగే పత్రికకు విద్యార్థి మొదటి వ్యాసం ఇవ్వకండి. ఆ పత్రిక పేరు తర్వాత వాళ్ల దరఖాస్తులన్నిటిలోనూ వెంట వస్తుంది.