మూడేళ్ల పాప రోజుకి నాలుగైదుసార్లు గుక్కపట్టి ఏడుస్తోంది, ఏం చేయాలో తెలియట్లేదు

నిజాంపేట_అమ్మ:
మా పాపకి పోయిన నెలలో మూడేళ్లు నిండాయి. రెండు నెలలుగా రోజుకి నాలుగైదుసార్లు పేచీ. మామూలు మారాం కాదండి, నేల మీద పడి దొర్లుతుంది, కాళ్లు కొట్టుకుంటుంది, మొహం ఎర్రగా కందిపోతుంది, ఎత్తుకోబోతే తోసేస్తుంది, సరే అని పక్కకి వెళ్తే ఇంకా గట్టిగా ఏడుస్తుంది. నిన్న సాయంత్రం దోసె తుంచి ప్లేటులో పెట్టాను. "తుంచొద్దు, అతికించు" అని మొదలుపెట్టింది. ఇంకో దోసె వేసి గుండ్రంగా చేతికిస్తే విసిరేసింది. "అదే అతికించు" అని నలభై నిమిషాలు ఏడ్చింది. ఆఖరికి వంటింటి గడప దగ్గరే నిద్రపోయింది, తుంచిన ముక్క ఇంకా గుప్పిట్లోనే ఉంది.

మా అత్తయ్య దిష్టి అని ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పేశారు. మా వారేమో నేను గారాబం చేసి పాడు చేశానంటారు. మొన్న సూపర్ మార్కెట్లో అలాగే పడిపోతే అందరూ చూస్తున్నారని ఒక దెబ్బ వేశాను. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. జూన్‌లో ప్లేస్కూల్లో వేశాం, అక్కడ బుద్ధిగానే ఉంటుందట. అన్నం తినేటప్పుడు ఫోన్ చూపిస్తాం, ఆపితే మళ్లీ ఒక గొడవ. ఇది వయసుతో పోయేదేనా, లేక డాక్టరుకి చూపించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

రాజమండ్రి_పద్దక్క:
అమ్మా, ముందు నువ్వు కాస్త స్థిమితపడు. నాకిద్దరు, రెండోవాడు అచ్చం ఇంతే, అరటిపండు మధ్యలో విరిగిందని గంట ఏడ్చిన రోజులున్నాయి. మారాం వేరు, ఇది వేరు. మారాం చేసే పిల్ల ఏడుస్తూనే మధ్యమధ్యలో మనవైపు చూస్తుంది, అడిగింది చేతిలో పెడితే ఠక్కున ఆపేస్తుంది. నువ్వు కొత్త దోసె ఇచ్చినా ఆగలేదంటే గొడవ దోసె గురించి కాదు, పిల్ల అప్పటికే తన చేయి దాటిపోయింది. ఆ సమయంలో మన మాట లోపలికి వెళ్లదు. ఎందుకేడుస్తున్నావు, ఏం కావాలి, చెప్పు, చెప్పు అని అడిగేకొద్దీ పెరుగుతుంది, నేను చాలాకాలం చేసిన తప్పు అదే.

తర్వాత ఏం చేశానంటే చేయి చాస్తే అందేంత దూరంలో నేల మీద కూర్చునేదాన్ని. "పండు విరిగింది, కోపం వచ్చింది, అమ్మ ఇక్కడే ఉంది." అంతే, ఇంకేం మాట్లాడను. తలకి తగిలేవి పక్కకి జరిపేదాన్ని, కొడితే చేయి పట్టుకుని "కొట్టనివ్వను" అని ఒక్కసారి చెప్పేదాన్ని. కాసేపటికి ఆ అరుపులో కోపం తగ్గి వట్టి ఏడుపు మిగులుతుంది, వింటే నీకే తెలిసిపోతుంది, ఎక్కిళ్లు మొదలవుతాయి. అప్పుడు చేతులు చాస్తే వాడే వచ్చి ఒళ్లో పడేవాడు. అంతకుముందు ఎత్తుకుంటే తోసేసేవాడు, మీ పాపలాగే.

ఫోన్ సంగతి మాత్రం గట్టిగా ఉండాలి. ఏడ్చిందని ఒకరోజు ఇచ్చి ఒకరోజు ఇవ్వకపోతే, ఇంకాస్త ఏడిస్తే దొరుకుతుందేమో అని పిల్ల చూస్తూనే ఉంటుంది. ఐదు నిమిషాలు అంటే ఈ వయసుకి అర్థం కాదు కాబట్టి "ఈ పాట అయ్యాక ఆపేద్దాం" అను, ఆపే బటన్ తననే నొక్కనివ్వు.

కరీంనగర్_తాత:
ఆ దెబ్బ గురించి బాధపడుతున్నావు కదా తల్లీ, ఆ బాధ మంచిదే. నేను మా అబ్బాయిని దెబ్బలతోనే పెంచిన. చెయ్యెత్తితే చాలు నోరు మూసుకునేవాడు, దాన్నే క్రమశిక్షణ అనుకున్న. ఇప్పుడు వాడికి నలభై ఏళ్లు, ఏ కష్టమొచ్చినా వాళ్లమ్మకే ఫోన్ చేస్తాడు, నాకు చెయ్యడు. మనవరాలు ఏడిస్తే ఇప్పుడు నేను పక్కన కూర్చుంటున్న.

పిల్లల_వార్డు_నర్సు:
నేను పిల్లల వార్డులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఏడాది నుంచి నాలుగేళ్ల మధ్య ఈ పేచీలు మామూలే. కోపాన్ని అదుపులో పెట్టే మెదడు ముందుభాగం పాతికేళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది, మూడేళ్ల పిల్లని "కంట్రోల్ చేసుకో" అంటే ఎక్కడి నుంచి తెస్తుంది? స్కూల్లో బుద్ధిగా ఉండి ఇంట్లో ఏడవడం కూడా చాలామందిలో చూస్తాం, అక్కడంతా బిగబట్టుకుని మీ దగ్గరికొచ్చి వదిలేస్తారు.

అయితే నలభై నిమిషాలు అన్నారు, అది నాకు కాస్త ఎక్కువగా అనిపించింది. 2003లో అమెరికాలో ఏడాదిన్నర నుంచి ఐదేళ్లలోపు పిల్లల పేచీల మీద వచ్చిన ఒక పరిశోధనలో నాలుగింట మూడు వంతులు ఐదు నిమిషాల్లోపే అయిపోయాయి. ఎప్పుడో ఒకసారి ఎక్కువసేపు సాగితే భయం లేదు. తరచూ ఇరవై ఐదు నిమిషాలు దాటడం, రోజుకి ఐదుకి మించి రావడం, తలని గోడకేసి కొట్టుకోవడం, తనని తాను కొరుక్కోవడం, ఎవరూ లేకుండా తనంతట తాను ఎప్పటికీ తేరుకోలేకపోవడం, ఇలాంటివి ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి.

ఇంకో విషయం. గుక్కపట్టి అన్నారు, ఊపిరి బిగబట్టి పెదాలు నీలంగా మారుతున్నాయా? రోజుకి పాలు ఎంత తాగుతుంది? అడగడానికి కారణం ఉంది. రక్తం తక్కువగా ఉన్న పిల్లలు ఎక్కువ చిరాకు పడతారు, గుక్క పట్టడానికీ ఐరన్ లోపానికీ సంబంధం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పాలతోనే కడుపు నింపేస్తే అన్నం, ఆకుకూర, గుడ్డు లోపలికి పోవు. ఒక్క సీబీపీ అనే రక్త పరీక్ష చేయించండి. మలబద్ధకం ఉందేమో, చెవి నొప్పి ఉందేమో కూడా చూపించండి, ఈ వయసు పిల్లలు నొప్పిని నొప్పి అని చెప్పలేరు. నిద్ర పగలూ రాత్రీ కలిపి పది నుంచి పదమూడు గంటలు ఉండాలి.

డాలస్_నాన్న:
మా బాబు కథ వేరుగా తేలింది కాబట్టి రాస్తున్నాను. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని కిందపడిపోయేవాడు, టీషర్టు వెనక లేబుల్ గుచ్చుకుంటే అరగంట ఏడ్చేవాడు, మేము మొండి అనుకున్నాం. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు, ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపించకుండా మన చేయి పట్టుకుని లాక్కెళ్లేవాడు. ఇంటి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మగపిల్లలకి మాటలు ఆలస్యం అనేవారు. మూడున్నరేళ్లకి ఆటిజం అని తేలింది. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మొదలయ్యాక వాడూ నెమ్మదించాడు, మేమూ నెమ్మదించాం.

"తుంచొద్దు, అతికించు" అని మాటల్లో చెప్పే పాప గురించి నేను తొందరపడి ఏమీ అనను, ఏడుపు ఒక్కటే ఉంటే ఆటిజం అనుకోవద్దు. పైన చెప్పినవి కూడా కనిపిస్తే మాత్రం ఆగొద్దు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, జిల్లాల్లో పిల్లల ఎదుగుదల సమస్యలని ముందుగానే గుర్తించే డీఈఐసీ సెంటర్లలో ఉచితంగా చూస్తారు.

మాకు బాగా ఉపయోగపడింది ఒక నోటు పుస్తకం. ఎప్పుడు మొదలైంది, దానికి గంట ముందు ఏం జరిగింది, ఎంతసేపు సాగింది, అంతే. పది రోజులు రాయండి.

నిజాంపేట_అమ్మ:
అందరికీ పేరుపేరునా థాంక్స్. తాతగారూ, మీరు రాసింది మా వారికి చదివి వినిపించాను, ఆయనేం మాట్లాడలేదు కానీ ఆ రాత్రి పాప ఏడుస్తుంటే లేచి తనే వెళ్లారు.

తొమ్మిది రోజులు రాశాను. మొత్తం ముప్పై ఒకటి, అందులో ఇరవై రెండు స్కూల్ వ్యాన్ దిగాక సాయంత్రం ఆరులోపే. స్కూల్లో టిఫిన్ బాక్సు సగం అలాగే తిరిగొస్తోంది, ప్లేస్కూల్ మొదలయ్యాక మధ్యాహ్నం నిద్ర పూర్తిగా పోయింది, రాత్రి పదిన్నరకి పడుకుని ఏడింటికి లేస్తోంది. ఇదంతా నా కళ్ల ముందే ఉంది, రాసేదాకా కనపడలేదు.

నర్సు గారూ, పెదాలు నీలంగా మారడం రెండుసార్లు చూశాను, భయంతో ఇక్కడ రాయలేదు. పాలు రోజుకి నాలుగు గ్లాసులు తాగుతుంది. హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. డాక్టరు ఐరన్ సిరప్ రాశారు, పాలు రెండు గ్లాసులకి తగ్గించమన్నారు. మిగతావన్నీ చూసి బాగానే ఉందన్నారు.

ఇప్పుడు వ్యాన్ దిగగానే ఏమీ అడగను, స్కూల్లో ఏం చేశావు అని కూడా అడగను, నేరుగా పెరుగన్నం, తర్వాత కర్టెన్ వేసి పక్కన పడుకుంటాను. సగం రోజులు నిద్రపోతుంది. పేచీలు పోలేదండి, నిన్న కూడా చెప్పులు తారుమారయ్యాయని లిఫ్టు ముందు కూర్చుండిపోయింది. పక్కన నేనూ కూర్చున్నాను. ఎదురింటావిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. పదకొండు నిమిషాలు పట్టింది. ఎక్కిళ్లు వచ్చాక తనే నా కొంగు పట్టుకుని లేచింది.

పద్దక్కా, ఒక్కటి అడగాలి. రాత్రి నిద్ర త్వరగా పట్టాలంటే మీరు ఏం చేసేవారు? తొమ్మిదింటికి లైట్లు ఆపినా పదింటిదాకా కబుర్లు చెబుతూనే ఉంటుంది.

రాజమండ్రి_పద్దక్క:
పొద్దున ఏడింటికి బదులు ఆరున్నరకి లేపు, ఆదివారం కూడా. మొదటి నాలుగు రోజులు కష్టం, తర్వాత అదే దారిలో పడుతుంది. మధ్యాహ్నం నిద్ర మాత్రం గంట దాటనివ్వకు.