ఉత్తరం బాల్కనీ ఉన్న ఫ్లాట్‌లో మొదటిసారి మొక్కలు: ఏవి తెచ్చుకోవాలి?

ప్రశ్న (హైదరాబాద్, మణికొండ నుంచి)

అందరికీ నమస్కారం. మేము మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ రెండవ అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. మొక్కలు పెంచిన అనుభవం మా ఇద్దరిలో ఎవరికీ లేదు. హాలును ఆనుకుని ఉత్తరం వైపు చిన్న బాల్కనీ ఉంది. వెలుతురు బాగానే వస్తుంది కాని ఎదురుగా మరో భవనం ఉండడం వల్ల ఎండ పడదు. ఇద్దరమూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లమే కాబట్టి రోజూ మొక్కల దగ్గర నిలబడే తీరిక ఉండదు. పైగా సంక్రాంతికీ, వేసవిలోనూ వారం పది రోజులు ఊరికి వెళ్తాము. ఇంట్లో వాడేది బోరు నీళ్లు. పాకే వయసు పాప ఉంది. ఇలాంటి ఇంట్లో ఎక్కువ శ్రమ లేకుండా బతికే మొక్కలు ఏవో, వాటికి నీళ్లు ఎప్పుడు పోయాలో తెలిసినవారు దయచేసి చెప్పండి. తులసి కూడా ఉండాలని మా అత్తగారి కోరిక.

మొదటి సమాధానం (సైనిక్‌పురి నుంచి)

మీరు చెప్పిన వెలుతురుకు మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, జెడ్ జెడ్ ప్లాంట్ మూడూ సరిపోతాయండి. మొదట ఈ మూడింటితో ఆగడం మంచిది. నర్సరీకి వెళ్తే రంగురంగుల క్రోటన్లు, పూలతో ఉన్న మందారాలు చూసి మనసు అటు లాగుతుంది కాని, ఎండ పడని చోట క్రోటన్ ఆకుల రంగు వెలిసిపోతుంది, మందారం పూయడం మానేస్తుంది.

స్నేక్ ప్లాంట్ తన దళసరి ఆకుల్లోనూ, జెడ్ జెడ్ ప్లాంట్ మట్టి లోపల ఉండే దుంపల్లోనూ నీటిని దాచుకుంటాయి. అందుకే మీరు పది రోజులు ఊరికి వెళ్లినా వాటికి తెలియదు, రోజూ నీళ్లు పోస్తే మాత్రం దుంప మెత్తబడి కుళ్లిపోతుంది. కొత్తగా పెంచేవారి ఇళ్లలో మొక్కలు ఎండిపోయి చచ్చేదానికంటే వేళ్లు కుళ్లి చచ్చేదే ఎక్కువ, ఎందుకంటే నీళ్లు ఎక్కువైనా ఆకు వాడి పసుపెక్కుతుంది, అది చూసి దాహమనుకుని మరో చెంబు పోస్తారు. ఆకు వాడినప్పుడు ముందు మట్టిని తాకి చూడండి. మట్టి తడిగా ఉండి ఆకు వాలిపోతే ఇబ్బంది వేళ్ల దగ్గర ఉన్నట్టే.

వారానికి ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోకండి. జూలై ముసురులో పది రోజులైనా ఆరని కుండీ ఏప్రిల్ వడగాలికి మూడు రోజుల్లో ఆరిపోతుంది. చూపుడు వేలిని రెండు కణుపుల లోతు వరకు మట్టిలోకి దించి చూడండి. వేలికి తడి మట్టి అంటుకుంటే ఆ రోజుకు వదిలేయండి, పొడిగా వస్తే అడుగు రంధ్రాల నుంచి నీరు కారేదాకా పోసి, పళ్లెంలో చేరిన నీటిని పారబోయండి. మనీ ప్లాంట్‌కు ఇది చాలు. మిగతా రెండింటికీ కుండీ పూర్తిగా ఆరేదాకా ఆగాలి. కుండీని ఎత్తి చూస్తే బరువును బట్టే తెలిసిపోతుంది.

రెండవ సమాధానం (బోడుప్పల్ నుంచి)

పైన చెప్పినదంతా నిజమే కాని మట్టి సంగతి రాలేదు. నర్సరీల్లో నల్ల కవర్లలో అమ్మే మొక్కలకు చాలావరకు వేళ్ల చుట్టూ గట్టి మట్టి ముద్ద ఉంటుంది. దూరం నుంచి లారీల్లో వచ్చే మొక్క కదలకుండా ఉండడానికి అది పనికివస్తుంది. అదే ముద్దను యథాతథంగా ఇంట్లో కుండీలో పెడితే మాత్రం అది ఆరినప్పుడు రాయిలా బిగుసుకుంటుంది. మీరు పోసిన నీరు ముద్ద చుట్టూ జారి అడుగు నుంచి వెంటనే కారిపోతుంది, లోపలి వేళ్లకు చుక్క కూడా అందదు. కాబట్టి తెచ్చాక వారం రోజులు మొక్కను అలాగే ఉంచి, కొత్త చోటుకు అలవాటు పడ్డాక, ఆ ముద్దను బకెట్ నీళ్లలో నానబెట్టి అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేసి మార్చండి. కొత్త మిశ్రమానికి ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక వంతు, వానపాముల ఎరువు అర వంతు, ముతక ఇసుక అర వంతు తీసుకుంటే సరిపోతుంది. స్నేక్ ప్లాంట్‌కు ఇసుక ఇంకొంచెం పెంచండి. ఇంట్లో చూడ్డానికి బాగుంటాయని రంధ్రం లేని పింగాణీ కుండీలు కొంటారు. వాటిలో నేరుగా నాటకండి.

కొనేటప్పుడు ఆకుల పైభాగం చూసి మోసపోవద్దు. ఆకును తిప్పి ఈనెల పక్కనా, కాడ మొదట్లోనూ దూది పింజల్లాంటి తెల్లటి పదార్థం ఉందేమో చూడండి. అది పిండినల్లి, ఒక్క మొక్కతో వచ్చి అన్నిటికీ పాకుతుంది.

బోరు నీళ్లతో పోసేవారికి కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తుంది. అవి నీటిలోని లవణాలు. మనీ ప్లాంట్ కొంతవరకు ఓర్చుకుంటుంది కాని స్పైడర్ ప్లాంట్‌కు లవణాలు, ఫ్లోరైడ్ పడక ఆకు కొసలు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు పోస్తుంటారు. వాటిలో లవణాలు బోరు నీళ్లకంటే ఇంకా చిక్కగా ఉంటాయి కాబట్టి అవి బాత్‌రూమ్ కడగడానికి వాడుకోవడం మేలు. వేసవిలో ఏసీ పైపు నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. బకెట్‌లో పట్టి పోయండి.

మూడవ సమాధానం (నాచారం నుంచి)

పాకే పాప ఉందని రాశారు కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు. పైన సూచించిన మనీ ప్లాంట్, జెడ్ జెడ్ ప్లాంట్ రెండింటి ఆకుల్లోనూ కాల్షియం ఆక్సలేట్ అనే లవణం సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. స్నేక్ ప్లాంట్ తింటే వాంతులు కావచ్చు. తేలిక మొక్కలని చెప్పే జాబితాల్లో ఈ విషయం సాధారణంగా ఉండదు. వీటిని మానేయమని నేను అనను. మనీ ప్లాంట్‌ను కొక్కేనికి వేలాడదీసి, తీగ కిందికి జారినప్పుడల్లా కత్తిరించండి, మిగతావి పాపకు అందని ఎత్తులో పెట్టండి. నేలమీద ఉంచడానికి స్పైడర్ ప్లాంట్, ఎరికా పామ్ విషం లేనివి. మచ్చల పెద్ద ఆకులుండే డిఫెన్‌బాకియాలోనూ ఆ స్ఫటికాలే ఉంటాయి, దాన్ని మాత్రం పాప పెద్దయ్యేదాకా ఇంట్లోకే తేవద్దు.

మరొకటి, మనీ ప్లాంట్‌ను సీసాలో పెంచితే వారానికి ఒకసారైనా నీళ్లు పారబోసి, లోపలి గోడలను రుద్ది కడగాలి. డెంగీ దోమ నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు దోమలు కావడానికి వారం పది రోజులు చాలు.

గాలి శుభ్రపడుతుందని ఎక్కువ ధర చెబితే మాత్రం నమ్మకండి. 1989లో నాసా చేసిన ప్రయోగం మూసి ఉంచిన చిన్న గదుల్లో జరిగింది. కిటికీలు తెరిచి ఉండే ఇంట్లో రెండు మూడు కుండీల వల్ల గాలిలో తేడా ఏమీ తెలియదు.

ప్రశ్న అడిగినవారు

చాలా ధన్యవాదాలండి. అయితే వేసవిలో ఊరికి వెళ్లేటప్పుడు కుండీలు బాల్కనీలోనే ఉంచవచ్చా? తులసి గురించి ఎవరూ చెప్పలేదు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

వేసవిలో బాల్కనీలో వదలకండి. ఉత్తరం వైపు ఎండ పడదని మీరు రాశారు కాని అది చలికాలం మాట అయి ఉంటుంది. హైదరాబాద్‌లో మే రెండవ వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఏప్రిల్ నుంచే ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరం బాల్కనీల్లోకి వస్తుంది. ఎదుటి భవనం ఎంతవరకు అడ్డుకుంటుందో ఏప్రిల్‌లో ఒక ఆదివారం సాయంత్రం నిలబడి చూసుకోండి. నీడకు అలవాటు పడిన ఆకు మీద ఆ ఎండ నేరుగా పడితే తెల్లటి మచ్చలుగా మాడుతుంది, అవి మళ్లీ పచ్చబడవు. ఊరికి బయలుదేరే ముందు రోజు బాగా నీళ్లు పోసి, కారనిచ్చి, కుండీలన్నిటినీ హాలులో కిటికీకి కొంచెం దూరంగా ఒకదాని పక్కన ఒకటి పెట్టండి. సంక్రాంతికి ఆ శ్రమ కూడా అక్కర్లేదు, చలిలో మట్టి నిదానంగా ఆరుతుంది.

తులసికి రోజుకు కనీసం నాలుగైదు గంటల ఎండ కావాలి. మీ బాల్కనీలో అది సన్నగా సాగి, ఆకులు చిన్నవై, కొన్నాళ్లకు రాలిపోతుంది. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఒక కుండీ పెట్టుకోనిస్తారేమో ఇంటి యజమానిని అడిగి చూడండి. ఒప్పుకోకపోతే తూర్పు కిటికీ గ్రిల్‌లో పెట్టి, పూల వెన్నులు వచ్చినప్పుడల్లా తుంచుతూ ఉండాలి.