కుడి మలుపుల్లో పెట్రోలు అందక ఇంజిన్ తడబడుతోంది, సలహా కావాలి

కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వే అనే రేస్ ట్రాక్‌లో నడుపుతున్న 1300 సీసీ సింగిల్ సీటర్ రేసు కారు ఇది, జూనియర్ క్లాసు. ట్యాంకులో 7 లీటర్ల కంటే తగ్గగానే పొడవాటి కుడి మలుపుల్లో మూడో సెకనుకి ఇంజిన్ దగ్గుతుంది. ఎడమ మలుపుల్లో ఏమీ లేదు. కారులో రికార్డయిన డేటాలో ఫ్యూయల్ ప్రెషర్ 3 బార్ నుంచి 1.6కి పడిపోయి, కారు మలుపు దాటి తిన్నగా రాగానే మళ్లీ లేస్తోంది.

ఫిల్టర్, పంపు, రిలే మార్చాం. పెట్రోలు ఎగసిపడకుండా ట్యాంకులో పెట్టే ఫోమ్ తీసి చూశాం, పొడిపొడిగా రాలడం లేదు. ట్యాంకులోకి గాలి వెళ్లే వెంట్ వాల్వ్ బాగానే ఉంది. 4 లీటర్లు ఎక్కువ పోస్తే సమస్య ఉండదు కానీ అది దాదాపు 3 కిలోలు, ఈ క్లాసులో అంత బరువు మోయలేం.

పికప్, అంటే పంపు పెట్రోలు పీల్చే చోటు, ట్యాంకు కుడి వెనక మూలన ఉంది; మిగిలిన పెట్రోలును ట్యాంకుకి తిరిగి తెచ్చే రిటర్న్ పైపు ఎడమ వైపు పడుతోంది. కుడి మలుపులో పెట్రోలు ఎటూ ఎడమకే జరుగుతుంది. ఇంజిన్ తాగేది కొంచెమే, పంపు తోడేది దానికి మూడు నాలుగు రెట్లు. మిగిలినదంతా పికప్‌కి దూరంగా పోతోంది, అసలు చిక్కు అక్కడే అనుకుంటున్నాను. ట్యాంకు మార్చకుండా, పెట్రోలును లోపలికి రానిచ్చి బయటికి పోనివ్వని ఫ్లాపులున్న చిన్న డబ్బా లోపల బిగించి పికప్, రిటర్న్ రెండూ అందులోకే తేవాలని ఉంది.

5 సెకన్ల మలుపుకి ఆ డబ్బా ఎన్ని మిల్లీలీటర్లది ఉండాలి?