లూప్ లైన్ ఉన్న చిన్న స్టేషన్ నమూనాకు పనిచేసే సిగ్నళ్లు ఎలా చేసుకోవాలి?

మల్కాజిగిరి_లూప్ (ప్రశ్న):

ఎనిమిది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద, హెచ్‌ఓ కొలతలో, అంటే 1:87 నిష్పత్తిలో, ఒక చిన్న స్టేషన్ నమూనాను నిర్మిస్తున్నాను. ఒంటి లైను మార్గం, ఒక మెయిన్ లైన్, దాని నుంచి పక్కకు చీలి మళ్లీ కలిసే ఒక లూప్ లైన్, రెండు కొసల్లో బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే చెరొక పాయింటు. మన దక్షిణ మధ్య రైల్వేలో తరచుగా కనిపించే అమరికే. పట్టాలు పరచడం పూర్తయింది, పాయింట్లు ఎస్‌జీ90 అనే చిన్న సర్వో మోటార్లతో (చెప్పిన కోణానికి తిరిగి ఆగేవి) తిరుగుతున్నాయి. మిగిలినవి సిగ్నళ్లు.

విదేశీ కంపెనీలు అమ్మే సిగ్నళ్లను పరిశీలించాను. అవి బ్రిటిష్, జర్మన్ పద్ధతివి కావడం వల్ల, బండిని స్టేషన్‌లోకి అనుమతించే మన హోమ్ సిగ్నల్ పైన వాలుగా ఉండే అయిదు తెల్లదీపాల వరుస వంటివి యథాతథంగా దొరకడం లేదు. అందుకే స్వయంగా చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. ప్రస్తుతానికి ఒక దిశలో వచ్చే బండికి మాత్రమే, హోమ్ స్థితిని ముందుగా సూచించే డిస్టెంట్, హోమ్, స్టేషన్ నుంచి బయల్దేరనిచ్చే స్టార్టర్లు మెయిన్‌కు ఒకటి, లూప్‌కు ఒకటి చొప్పున రెండు పెట్టాలన్నది నా ఆలోచన. మూడు మిల్లీమీటర్ల ఎల్‌ఈడీలు ఈ కొలతకు పెద్దవిగా కనిపిస్తాయా? సన్నని స్తంభం లోపలి నుంచి ఇన్ని తీగలను ఎలా దించాలి? బండిని లూప్‌లోకి తీసుకునేటప్పుడు ఏ సిగ్నల్ ఏ రంగు చూపాలి, ఆ తర్కాన్ని ఆర్డ్యూనో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు ఎలా అప్పగించాలి? ఇంత చిన్న బల్ల మీద డిస్టెంట్‌ను అసలు ఎక్కడ నిలబెట్టాలి?

ఎర్రదీపం (సమాధానం):

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అసలు మార్గంలో డిస్టెంట్ సిగ్నల్ హోమ్‌కు ఒక కిలోమీటరు ముందు ఉంటుంది. డబుల్ డిస్టెంట్ ఉన్నచోట మొదటిది రెండు కిలోమీటర్ల ముందే వస్తుంది. 1:87లో కిలోమీటరంటే పదకొండున్నర మీటర్లు, మీ బల్ల పొడవు రెండున్నర మీటర్లు కూడా లేదు. కాబట్టి ఇక్కడ నిష్పత్తిని వదులుకోక తప్పదు. డిస్టెంట్‌ను బల్ల అంచుకు తెచ్చి, దాన్ని చూసిన బండి వేగం తగ్గించుకుంటూ వచ్చి హోమ్ ముందు నిదానంగా ఆగగలిగేంత చోటు మిగిల్చితే చాలు. దూరాన్ని ఎంత కుదించినా వరుసను మాత్రం మార్చవద్దు. పట్టాలకు ఎడమవైపు నిలబెట్టడమూ మరవవద్దు.

ఇక రంగుల సంగతి. హోమ్‌లో పైనుంచి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఉంటాయి. డిస్టెంట్‌లో ఎరుపు ఉండదు, రెండు పసుపుల మధ్య ఆకుపచ్చ ఉంటుంది. బండి ఏదీ రానప్పుడు హోమ్, స్టార్టర్లు ఎరుపులోనూ, డిస్టెంట్ ఒక పసుపులోనూ నిలిచి ఉండాలి. బండిని లూప్‌లోకి తీసుకోదలచినప్పుడు హోమ్ పసుపుకు మారి, మీరు చెప్పిన అయిదు తెల్లదీపాలు కూడా వెలుగుతాయి. అప్పుడు డిస్టెంట్ రెండు పసుపులు చూపుతుంది. మెయిన్ లైన్‌లోనే ఆపాలనుకుంటే హోమ్‌లో పసుపు వస్తుంది కానీ తెల్లదీపాలు వెలగవు. ఆగకుండా మెయిన్ మీదుగా పంపేటప్పుడు మాత్రమే స్టార్టర్, హోమ్, డిస్టెంట్ మూడూ ఆకుపచ్చగా ఉంటాయి. లూప్ స్టార్టర్‌కు ఎరుపు, పసుపు చాలు.

నమూనాలు చేసేవారిలో చాలామంది మీట నొక్కితే దీపం మారడంతో తృప్తి పడతారు. నా దృష్టిలో అది అలంకరణ దీపమే, సిగ్నల్ కాదు. పాయింటును తిరగమని ఆదేశించడం వేరు, అది నిజంగా తిరిగి పట్టాకు ఆనుకున్నదని తెలుసుకోవడం వేరు. ప్రతి పాయింటు కింద, కదిలే కడ్డీ కొసకు తగిలేలా రెండు మైక్రోస్విచ్‌లు అమర్చండి. ఒకటి మెయిన్ వైపు, మరొకటి లూప్ వైపు. రెంటిలో ఏదీ నొక్కుకోకపోయినా, రెండూ ఒకేసారి నొక్కుకున్నా, మీరు ఏ మీట నొక్కినప్పటికీ హోమ్ ఎరుపులోనే ఉండాలి. అలాగే హోమ్ ఆఫ్ అయి ఉన్నంతసేపూ, అంటే బండికి దారి ఇచ్చి ఉన్నంతసేపూ, ఆ పాయింటు సర్వోకు కొత్త ఆదేశం వెళ్లకూడదు. బండి మొదటి చక్రం హోమ్‌ను దాటగానే సిగ్నల్ ఎరుపుకు తిరిగిపోవాలి. మీట అలాగే నొక్కి ఉన్నా, దాన్ని ఒకసారి వెనక్కి తీసి మళ్లీ వేసేవరకు రెండో బండికి దారి దొరకకూడదు. ప్రోగ్రాంలో కూడా ముందు అన్నిటినీ ఎరుపు అనుకుని, షరతులన్నీ కుదిరితేనే రంగు మార్చేలా రాసుకోండి.

టంకం_పొగ (సమాధానం):

నేను సిగ్నల్ తలలు, అంటే దీపాలుండే పైభాగాలు, తీగల గురించే రాస్తాను. అసలు సిగ్నల్ అద్దం వ్యాసం ఇరవై సెంటీమీటర్లకు కొంచెం పైన ఉంటుంది, అంటే మన కొలతలో సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ ఇరవై ఆరు సెంటీమీటర్ల అద్దానికి సమానమవుతుంది కాబట్టి తల కొంత ఉబ్బినట్టు కనిపిస్తుంది. రెండు మిల్లీమీటర్లవి తీసుకుని, ఒక్కోదానికి ముందు నల్లరంగు వేసిన సన్నని గొట్టం ముక్కను ఏటవాలుగా కోసి గొడుగులా అతికిస్తే చూపుకు సరిపోతుంది. ఆకుపచ్చను ఎంచేటప్పుడు జాగ్రత్త అవసరం: పాత రకం చవక ఎల్‌ఈడీలలో ఆకుపచ్చ పసుపు వైపు మొగ్గుతుంది, పక్కనే ఉన్న అసలు పసుపుతో కలిసిపోతుంది. నీలం ఛాయ కలిసిన ఆకుపచ్చను అడగండి. కోఠీలోని గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు ఒక చిన్న బ్యాటరీ, ఒక రెసిస్టర్ వెంట తీసుకువెళ్లి వెలిగించి చూసుకోవడం ఉత్తమం.

స్తంభానికి రెండు మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం బాగుంటుంది, రాణీగంజ్‌లో వెతకండి. ఎల్‌ఈడీల పొడవు కాళ్లన్నిటినీ కలిపి ఆ గొట్టానికే టంకం పెడితే, గొట్టమే అయిదు వోల్టుల ఉమ్మడి తీగ అవుతుంది. ఇక లోపలి నుంచి దిగవలసినవి హోమ్‌కు నాలుగు తీగలే: మూడు రంగులకు మూడు, తెల్లదీపాలకు ఒకటి. ఇందుకు మోటారు రివైండింగ్ దుకాణాల్లో దొరికే 38 గేజీ ఎనామిల్ రాగి తీగ తీసుకోండి, దాని మందం 0.15 మిల్లీమీటర్లే. గొట్టం అంచును లోపలి వైపు అరగదీయకపోతే ఎనామిల్ గీరుకుపోయి, తీగలు ఒకదానికొకటి తగిలితే రంగులు రెండేసి వెలుగుతాయి, గొట్టానికి తగిలితే ఆ రంగు వెలగదు. గొట్టంలో కరెంటు ఉంటుంది కాబట్టి దాని అడుగు భాగం పట్టాలకు, బల్ల కింద ఇతర లోహాలకు తగలకుండా ప్లాస్టిక్ దిమ్మలో నిలపాలి.

అయిదు తెల్లదీపాలకు అయిదు ఎల్‌ఈడీలు పెట్టాలని చూడకండి. అర మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబర్ ముక్కలు అయిదింటిని నల్ల రేకులోని రంధ్రాల గుండా తెచ్చి, వెనుక ఒకే తెల్ల ఎల్‌ఈడీని చిన్న డబ్బాలో మూసిపెడితే, కాంతి అన్నిటికీ దాదాపు సమానంగా అందుతుంది.

ఎరుపు, పసుపు ఎల్‌ఈడీలు సుమారు రెండు వోల్టులు తీసుకుంటాయి. అయిదు వోల్టుల మీద ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే మూడు మిల్లీయాంపులు పారుతాయి, అది చాలు. కొత్త రకం ఆకుపచ్చ, తెలుపు ఎల్‌ఈడీలు అంతే కరెంటుకు కళ్లు మిరుమిట్లు గొలిపేంతగా వెలుగుతాయి కనుక వాటికి 4.7 కిలో ఓమ్‌లతో మొదలుపెట్టి, గదిలో దీపం ఆర్పి, వేసి చూసి సరిచేసుకోండి. మీ ఒక దిశకు మొత్తం పన్నెండు తీగలు కావాలి: డిస్టెంట్‌కు మూడు, హోమ్‌కు నాలుగు, మెయిన్ స్టార్టర్‌కు మూడు, లూప్ స్టార్టర్‌కు రెండు. ఇవి నానోలో పడతాయి కానీ, మైక్రోస్విచ్‌లు, మీటలు, సర్వోలు కూడా కలిస్తే నానో కాళ్లు (పిన్‌లు) చాలవు. మొదటి నుంచే, నానో కాళ్లు కొన్నిటితోనే ఒక్కొక్కటి ఎనిమిది దీపాలను నడిపే 74హెచ్‌సీ595 చిప్‌లు వాడితే మూడు చిప్‌లతో ఇరవై నాలుగు దీపాలు, అంటే రెండు దిశలూ వస్తాయి.

మల్కాజిగిరి_లూప్:

ఇద్దరికీ కృతజ్ఞతలు. బండి హోమ్‌ను దాటిందని, స్టేషన్‌లోకి పూర్తిగా వచ్చిందని నానోకు తెలియజేయడానికి ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు పెట్టవచ్చా? మా కిటికీ పడమటి వైపు ఉంటుంది. మరో సంగతి, అవతలి కొసలో, స్తంభం మీద కదిలే రెక్కతో సంకేతమిచ్చే పాత రెక్క సిగ్నల్ ఒకటి పెట్టాలని కూడా కోరికగా ఉంది.

పాత_కేబిన్ (సమాధానం):

పడమటి కిటికీ అయితే ఇన్‌ఫ్రారెడ్ వద్దు. సాయంత్రపు ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి లేని బండిని సెన్సర్ ఉన్నట్టు చూపవచ్చు, ఉన్న బండిని చూడకపోవచ్చు. పట్టాల మధ్య స్లీపర్ల కింద, అయస్కాంతం దగ్గరకొస్తే పనిచేసే రీడ్ స్విచ్‌లు అమర్చి, ఇంజన్ అడుగున ఒక చిన్న అయస్కాంతం, చివరి పెట్టె అడుగున మరొకటి అతికించండి. అసలు స్టేషన్లలో బండి పూర్తిగా వచ్చిందని చివరి పెట్టె వెనుక ఉండే ఎల్‌వీ (లాస్ట్ వెహికల్) బోర్డు చూసి నిర్ధారించుకునే పద్ధతి ఉంది. మీ రెండో అయస్కాంతం అదే పని చేస్తుంది. మధ్యలో కప్లింగ్ ఊడి రెండు పెట్టెలు వెనుక నిలిచిపోతే రెండో సంకేతం రాదు, వెనుక బండికి హోమ్ ఎరుపు నుంచి మారదు.

రెక్క సిగ్నల్ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ఒక కొసలో రంగుదీపాలు, మరో కొసలో రెక్క పెడితే చూసేవారికి అది ఏ కాలపు స్టేషనో అర్థం కాదు. అంత ఇష్టమైతే సికింద్రాబాద్–మన్మాడ్ మార్గం మీటర్‌గేజ్‌గా ఉన్న కాలానికి వేరే చిన్న బల్ల వేయండి. మీ 16.5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టా 1:87లో మన బ్రాడ్‌గేజ్‌కు దాదాపు మూడు మిల్లీమీటర్లు తక్కువ, మీటర్‌గేజ్‌కు దొరికే 12 మిల్లీమీటర్ల పట్టా మాత్రం అర మిల్లీమీటరే తేడా. అప్పుడు రెక్కను సర్వోతో నేరుగా తిప్పకుండా, సన్నని గిటారు తీగతో కిందికి లాగేలా చేసి, దాని వెనుక కొసకు బరువు కట్టండి. తీగ తెగినా బరువే రెక్కను అడ్డంగా, అంటే ఆగు స్థితికి తెస్తుంది. రాత్రి దీపానికి ఆకుపచ్చ అద్దం వెతకవద్దు. అప్పటి కిరోసిన్ దీపం వెలుగు పసుపు కాబట్టి నీలం వైపు మొగ్గిన అద్దం వాడేవారు, దూరానికి అది ఆకుపచ్చగా కనిపించేది. వెచ్చని తెలుపు ఎల్‌ఈడీ ముందు లేత నీలం ఫిల్టర్ ముక్క పెట్టి చూడండి. కొద్దిగా ఆకుపచ్చ కలిసిన నీలమైతే ఇంకా నయం.