ఇంట్లో పిస్టల్ రౌండ్లు రీలోడింగ్: ముందు ఏం కొనాలి, ఏం కొనకూడదు?

ప్లేనో శీను:
అందరికీ నమస్కారం. మాది టెక్సాస్, ప్లేనో. గ్రీన్ కార్డు చేతికొచ్చాక ఒక 9 ఎంఎం పిస్టల్ కొన్నాను. తర్వాత మా ఆఫీసులో రిటైరవుతున్న పెద్దాయన దగ్గర ఒక .38 స్పెషల్ రివాల్వర్ కూడా తీసుకున్నాను. నెలకు రెండు శనివారాలు రేంజికి వెళ్తే 300 రౌండ్లు (తూటాలు) ఇట్టే అయిపోతున్నాయి. పేల్చిన ఖాళీ గొట్టాల్ని ఇంట్లోనే మళ్లీ నింపి రౌండ్లు చేసుకోవచ్చని (అదే రీలోడింగ్) ఆ పెద్దాయనే చెప్పి, ఒకసారికి ఒక్క పనే చేసే తన పాత సింగిల్ స్టేజ్ ప్రెస్సు ఊరికే ఇస్తానంటున్నాడు. యూట్యూబ్‌లో చూస్తే మాత్రం హ్యాండిల్ ఒకసారి లాగితే ఒక రౌండు పడే ప్రోగ్రెసివ్ ప్రెస్సులు ఊరిస్తున్నాయి. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. మా ఆవిడది ఒకటే మాట: "ఏడాది పొడవునా దీపావళి సామాను గ్యారేజీలో పెట్టుకుంటావా?" నిజంగా డబ్బు మిగులుతుందా? 9 ఎంఎంతో మొదలెట్టాలా, .38తోనా? చేసినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు:
శీను గారూ, ఆ పాత ప్రెస్సు కళ్లకద్దుకుని తెచ్చుకోండి. నేను హ్యూస్టన్‌లో పదకొండేళ్లుగా చేస్తున్నాను. మొదట ప్రోగ్రెసివే కొన్నాను. ఒకేసారి నాలుగు చోట్ల నాలుగు పనులు జరుగుతుంటే ఏది తప్పిందో తెలిసేది కాదు. ఆర్నెల్లకు దాన్ని అటక ఎక్కించి సింగిల్ స్టేజ్‌కి దిగొచ్చాను, రెండేళ్లాగి మళ్లీ ఎక్కాను.

ముందు ఒక్క మాట సరిచేస్తాను. మనం రౌండు మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం. బుల్లెట్ అంటే ముందు ఎగిరిపోయే లోహపు ముక్క మాత్రమే. దాన్ని పట్టుకున్న ఇత్తడి గొట్టం కేసు, దాని అడుగున ఉండి, పిన్ను దెబ్బకి నిప్పు రాజేసేది ప్రైమరు, లోపల తుపాకిమందు. రేంజిలో పేల్చాక ఇంటికి తెచ్చుకునేది కేసు ఒక్కటే. దాన్ని డైలోకి (ప్రెస్సుకి బిగించే లోహపు అచ్చు) తోస్తే పాత ప్రైమరు ఊడిపడుతుంది, ఉబ్బిన గొట్టం మళ్లీ కొలతకొస్తుంది. రెండో డై మూతిని రవ్వంత విప్పుతుంది. ఆ తర్వాత కొత్త ప్రైమరు, మందు, బుల్లెట్, ఆఖర్న మూతి బిగింపు. కార్బైడ్ డై అయితే పిస్టల్ కేసులకు నూనె పుయ్యక్కర్లేదు.

సింగిల్ స్టేజ్‌లో 50 కేసులకూ ఒక పని అయ్యాకే ఇంకో పని మొదలవుతుంది. మందు పోసిన 50 కేసుల్నీ చిల్లుల చెక్కలో నిలబెట్టి, బుల్లెట్లు పెట్టే ముందు టార్చి వేసి ఒక్కొక్కదాని లోపలికీ చూస్తాను. అన్నింట్లో మట్టం ఒకేలా ఉండాలి. వంటింట్లో ఇడ్లీ పిండి గుంటల్లో పోసి చూసుకున్నట్టే.

మీకు .38 మేలు. మా ఊళ్లో ఫ్యాక్టరీ .38 రౌండు 45 సెంట్లకు తక్కువ దొరకట్లేదు. నాకు ప్రైమరుకి 8, మందుకి 3, పూత వేసిన సీసం బుల్లెట్‌కి 10, మొత్తం 21 సెంట్లు పడుతోంది. 9 ఎంఎం అయితే ఫ్యాక్టరీదే చవక, చేసుకుంటే మిగిలేది తక్కువ, మీ ఆదివారం మీరు చవగ్గా అమ్ముకున్నట్టే. పైగా రివాల్వర్ కేసుల్ని గడ్డిలోకి విసరదు. ఒత్తిడి కూడా తక్కువ: పరిశ్రమ పెట్టిన గరిష్ఠం 9 ఎంఎంకి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, మామూలు .38 స్పెషల్‌కి 17,000.

ఒక చిక్కుంది. .38 స్పెషల్‌ని స్మిత్ అండ్ వెసన్ 1898లో తెచ్చినప్పుడు అది పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కోసం చేసిన కేసు. అందుకే అంత పొడుగు. ఈనాటి పొగలేని మందు అందులో అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగదు, కనపడదు. అందుకని మొదట్లో అదే తూకానికి ఎక్కువ చోటు పట్టే మందు ఎంచుకోండి. రెండోసారి పడితే పొంగి బల్ల మీద పడాలి, లేదా కనీసం కంటికి కొట్టొచ్చినట్టు కనపడాలి.

మోడరేటర్:
ఎన్ని గ్రెయిన్ల (మందు తూచే కొలత) మందు అన్న అంకెలు ఈ చర్చలో రాయకండి. రాసినవి తీసేస్తాం. మందు కంపెనీలూ బుల్లెట్ కంపెనీలూ వేసే మాన్యువళ్లు చూసుకోండి, రెండు చూసి పోల్చుకోండి. వాటిలో ఇచ్చిన అన్నిటికన్నా కింది అంకె నుంచే మొదలుపెట్టండి.

గురివింద:
నాది అట్లాంటా. మా తాతగారు నరసాపురంలో బంగారం పని చేసేవారు. తూకం వేసేటప్పుడు ఎంత ఎండాకాలమైనా ఫ్యాన్ ఆపించేవారు, ఎవరూ గట్టిగా నిట్టూర్చకూడదు. చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని. ఇక్కడ నా ఎలక్ట్రానిక్ తక్కెడ అంకె దానంతటదే కిందికీ పైకీ పోతుంటే వారం రోజులు తలపట్టుకున్నా. చూస్తే పైన ఏసీ గాలి! తాతగారు గుర్తొచ్చి ఏసీ ఆపేశాను, తక్కెడ నిలబడింది.

గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు. కంసాలి తక్కెడలో వేసే గురివింద గింజలో సగం అనుకోండి. మనం జాగ్రత్తపడేది అందులో పదో వంతు దగ్గర. చెక్ వెయిట్లు (బరువు ముందే కచ్చితంగా తెలిసిన తూకపు రాళ్లు) కొనుక్కోండి. ప్రతి పూటా మొదలెట్టేముందు ఒకసారి, ముగించాక ఒకసారి వాటితో తక్కెడ చూసుకోండి. ముగింపులో తేడా వస్తే ఆ పూట చేసినవన్నీ పక్కన పెట్టెయ్యడమే. నేను రెండుసార్లు పెట్టేశాను. ఏడుపొచ్చింది గానీ పెట్టేశాను.

పాలమూరు పోరడు:
అన్నా, నేను హెచ్1బీ మీదున్న. మా రూమ్మేటుది గ్రీన్ కార్డు, ఇంట్లనే చేస్తడు. నేను గన్ను ముట్టను, ఊకె కేసులు సాఫ్ జేసి ప్రైమర్లు కొట్టిస్త. గిది ఓకేనా?

గోదారి గట్టు:
తమ్ముడూ, ఆపెయ్. ఇమిగ్రెంట్ కాని వీసా మీద ఉన్నవాళ్లు గన్నే కాదు, అమ్యునిషన్ కూడా తమ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లే హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఆ చట్టంలో అమ్యునిషన్ అంటే తయారైన రౌండు ఒక్కటే కాదు, కేసు, ప్రైమరు, బుల్లెట్, మందు విడివిడిగా కూడా అదే. మీ ఇంట్లో మందు డబ్బా ఎవరి అల్మరాలో ఉంది, తాళం ఎవరి దగ్గరుంది అనేది కూడా ప్రశ్నే అవుతుంది. గ్రీన్ కార్డు దాకా పోగొట్టుకునే సరదా కాదిది. ముందు ఒక లాయర్ని అడుగు.

పాలమూరు పోరడు:
అరె, గిది తెల్వనే తెల్వదన్నా. ఇయ్యాల్నే అన్నీ వాని రూముల పెట్టించి తాళం ఏపిస్త.

గురివింద:
శీను గారికి కూడా చెప్తున్నా. మన సొంతానికి చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మితే మాత్రం కావాలి. స్నేహితుడు కదా అని డబ్బు తీసుకుని డబ్బా ఇవ్వకండి. మసాచుసెట్స్ లాంటి చోట్ల విడి భాగాలకు కూడా రాష్ట్ర లైసెన్సు ఉండాలి, ఇల్లు మారేటప్పుడు చూసుకోండి.

కడప కారం:
నా కత చెప్తా, ఎవరికన్నా పనికొస్తాది. మూడేళ్ల కిందట శనివారం రాత్రి తొమ్మిదికి చేస్తా ఉన్నా. అంటే ఊర్లో ఆదివారం పొద్దున. మధ్యలో అమ్మ ఫోను. చెల్లెలి పెళ్లి సంబంధం, ఎత్తకుండా ఉండలేం కదా. ఇరవై నిమిషాలు మాట్లాడి మళ్లీ కూర్చుంటి. ఎక్కడ ఆపినానో బాగా గుర్తుందనే అనుకుంటి.

తర్వాతి వారం రేంజిలో నాలుగో రౌండుకి 'ధన్' మనాల్సింది 'తుప్' మనింది. చెయ్యి అదరలేదు. పక్క లేన్ తాత నా భుజం మీద చెయ్యేసి "స్టాప్" అనినాడు. మందు లేకుండా ఒట్టి ప్రైమరు బలంతో పోయిన బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కొని ఉంది. ఆ ఊపులో ఇంకోటి కాల్చి ఉంటే బ్యారెల్ చీలిపోయేది, చెయ్యి సంగతి దేవునికెరుక. గన్‌స్మిత్ ఇత్తడి కడ్డీతో కొట్టి తీసినాడు.

ఇప్పుడు నాకు రెండే నియమాలు. ఫోను ఇంట్లో, నేను గ్యారేజీలో. లేవాల్సి వస్తే, మందు పోసినవన్నీ తిరిగి డబ్బాలోకే, మొదట్నుంచి. ఇంకోటి ఎవరూ పైకి చెప్పరు: మందు కొట్టి మందు పోయొద్దు. ఒక్క బీరైనా సరే.

ప్లేనో శీను:
కడప అన్నా, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. సరే, .38తోనే మొదలెడతా. కేసులు కడగడం ఎలా? మా ఆవిడ ఇప్పుడు కాస్త మెత్తబడింది, "ఇత్తడే కదా, చింతపండు పెట్టి తోమితే సరి" అంటోంది. జోకా, నిజంగా పనికొస్తుందా?

గురివింద:
మీ ఆవిడ చెప్పింది శాస్త్రమే! అక్కడ పని చేసేది పులుపు. ఇక్కడివాళ్లు నీళ్లలో చిటికెడు సిట్రిక్ యాసిడ్, రెండు చుక్కల గిన్నెల సబ్బు, స్టీలు సూదులు వేసి డ్రమ్ములో తిప్పుతారు. చింతపండైతే పిప్పి ప్రైమరు గుంటలో ఇరుక్కుంటుంది, అదొక్కటే గోల. పులుపు ఎక్కువైనా, ఎక్కువసేపు నానినా ఇత్తడి గులాబీ రంగుకి తిరుగుతుంది, జాగ్రత్త. అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్ మాత్రం ఎప్పుడూ వాడకండి, కేసు పెళుసెక్కి పగుళ్లిస్తుంది. కడిగాక పూర్తిగా ఆరాలి.

గోదారి గట్టు:
పొడిగా, వాల్‌నట్ పొట్టుతో తిప్పే పద్ధతి చవక. కానీ పాప ఉన్న ఇంట్లో నేను వద్దంటాను. పేలిన ప్రైమరు మసిలో సీసం ఉంటుంది, అది పొట్టులో చేరి, జల్లెడ పట్టేటప్పుడు గాల్లోకి లేస్తుంది. నేను గ్యారేజీలో ముక్కుకి ఏమీ కట్టుకోకుండా చేసేవాణ్ణి. ఒక ఏడాది రక్తపరీక్షలో సీసం డెసిలీటరుకి 14 మైక్రోగ్రాములు వచ్చింది, ఎక్కువే. డాక్టరు "మీరు పెయింటింగ్ పనిలో ఉన్నారా?" అని అడిగాడు. తడి పద్ధతికి మారాక దిగింది. ఆ నీళ్లు కూరగాయల మడిలో పొయ్యకండి. గ్యారేజీ చెప్పులు గ్యారేజీలోనే వదలండి, చేతులు కడిగి, బట్టలు మార్చాకే పాపని ఎత్తుకోండి. బల్ల దగ్గర పల్లీలు, టీ వద్దు.

ప్రైమర్లు వాటి పెట్టెల్లోనే ఉంచాలి. సీసాలో పోగేస్తే ఒకటి పేలితే అన్నీ పేలతాయి. మందూ అంతే, కంపెనీ డబ్బాలోంచి మార్చకూడదు. బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలి, లేచేటప్పుడు మందు కొలిచే తొట్టిలో మిగిలింది ఏ డబ్బాలోదో ఆ డబ్బాలోకే. ఇళ్లల్లో 20 పౌండ్ల మందు, 10,000 ప్రైమర్ల దాకా అని ఇక్కడ అగ్నిప్రమాద నియమాలు అంటాయి. మీకు మొదటి ఏడాదికి ఒక పౌండు, వెయ్యి ప్రైమర్లు చాలు. వాటిని ఆన్‌లైన్‌లో తెప్పిస్తే హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు) రుసుము మీద పడుతుంది, కొట్లో దొరికితే కొట్లోనే తీసుకోండి.

గచ్చిబౌలి నాన్న:
హైదరాబాద్ నుంచి. మా అమ్మాయి 25 మీటర్ల పిస్టల్ నేర్చుకుంటోంది, ఈషా సింగ్‌ని చూసి పట్టుకున్న పట్టు. రౌండ్ల ఖర్చు వాచిపోతోంది. ఇలా ఇంట్లో చేసుకోవచ్చా?

గోదారి గట్టు:
నాన్నగారూ, రెండు కారణాల వల్ల కాదు. మీ అమ్మాయి కాల్చేది .22 రిమ్‌ఫైర్. అందులో ప్రైమరు విడిగా ఉండదు, ఆ పదార్థం కేసు అంచు మడత లోపలే ఉంటుంది, పిన్ను ఆ అంచునే నలిపేస్తుంది. ఒకసారి పేలితే ఇక అంతే. రెండోది, ఇండియాలో లైసెన్సు లేకుండా అమ్యునిషన్ తయారుచెయ్యడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. గన్ లైసెన్సు వేరు, తయారీ లైసెన్సు వేరు.

గురివింద:
సందర్భం వచ్చింది కాబట్టి అమెరికా వాళ్లందరికీ: ఇండియా వెళ్లేముందు రేంజి బ్యాగుని సూట్‌కేసుగా వాడకండి. శంషాబాద్‌లో బ్యాగు అడుగున ఒక్క రౌండు దొరికి పోలీసు కేసులో ఇరుక్కున్నవాళ్ల వార్తలు చూస్తూనే ఉన్నాం. ఖాళీ కేసు కీచైన్ కూడా ఇక్కడే వదిలేసి వెళ్లండి.

ప్లేనో శీను:
నెల తర్వాత మళ్లీ వచ్చాను. ఫోను మా ఆవిడ దగ్గర, ఏసీ ఆపి, మూడు గంటలు కూర్చుంటే 50 అయ్యాయి. టార్చి రెండుసార్లు వేశాను. నిన్న రేంజిలో 48 శుభ్రంగా పేలాయి, కింది అంకె నుంచే కదా, మెత్తగా ఉన్నాయి. రెండింటికి మాత్రం సిలిండర్ తిరగలేదు, పట్టేసింది. తీసి వేలితో తడిమితే ప్రైమర్లు వెంట్రుకవాసి బయటికున్నాయి. ప్రెస్సులో పెట్టి ఇంకాస్త లోపలికి నొక్కేస్తే సరిపోతుందా?

గోదారి గట్టు:
వద్దు!! మందూ బుల్లెట్టూ ఉన్న రౌండు మీద ప్రైమరుని ఎప్పుడూ నొక్కకండి, అక్కడే పేలొచ్చు. సుత్తిలా ఉండే బుల్లెట్ పుల్లర్ ఇరవై డాలర్లకు దొరుకుతుంది. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కోదాన్నీ అందులో బిగించి, గట్టి చెక్క మీద కొడితే బుల్లెట్, మందు విడిగా వచ్చేస్తాయి. ఆ మందు తోటలో చల్లెయ్యండి, డబ్బాలో కలపొద్దు. తర్వాత ఆ రెండు కేసుల ప్రైమరు గుంటలు చూడండి, మసి గట్టిపడి ఉంటుంది. అది గీకకుండా కొత్త ప్రైమరు పెట్టి ఉంటారు.

ప్లేనో శీను:
మసి కాదు అన్నా. ఇప్పుడే విప్పి చూశా. చింతపండు పీచు.